నాలుగో గాడి

కప్పిన పట్టా లాగేసరికి ఇద్దరూ ఒకేసారి తుమ్మారు.

తాతయ్య ఏడు తుమ్ములు తుమ్మాడు. మనవరాలు బొంగరం లెక్కపెట్టింది. తనవి నాలుగే.

దుమ్ము కాస్త అణిగాక, షెడ్డు కిటికీలోంచి పడుతున్న మధ్యాహ్నపు ఎండలో అది కనిపించింది. మోటార్ సైకిల్. నల్ల ట్యాంకు. దాని మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. టైర్లు రెండూ గాలి పోయి నేలకి అతుక్కున్నాయి. సీటు చిరుగులోంచి పీచు బయటికొచ్చింది. హ్యాండిల్ నుంచి లైటు దాకా సాలీడు తీరిగ్గా గూడు అల్లుకుంది.

"ఇదేనా?" అంది బొంగరం.

"ఇదే," అన్నాడు తాతయ్య.

బొంగరం అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది. ఒక్క చోట నిలవదు కాబట్టి ఇంట్లో అందరికీ బొంగరమే. దానికి పదేళ్ళు. బండి షెడ్డులోకి చేరి పన్నెండేళ్ళు. ఇంట్లో ఆ బండి గొంతు వినని మనిషి తనొక్కతే.

అమ్మ ముందు గదిలో కుట్టుమిషన్ మీద ఉంది. ఎవరిదో జాకెట్టు కుడుతూనే అక్కడి నుంచి కేకేసింది. "నేను ఈ ఇంటికి మొదటిసారి వచ్చింది దాని వెనక సీటు మీదే. రెండు వీధుల అవతల ఉండగానే మీ నానమ్మకి వినబడిపోయేది. మేం గుమ్మం ఎక్కేసరికి టీ గ్లాసుల్లో ఉండేది."

"ఎలా ఉండేదమ్మా దాని చప్పుడు?"

మిషన్ ఆగింది. అమ్మ కాసేపు ఆలోచించింది. "చెప్తే వచ్చేది కాదులే," అని మళ్ళీ కుట్టుకుంది.

తాతయ్య నలభై ఏళ్ళు మోటార్ సైకిల్ మెకానిక్కు. షాపు మూసేసిన రోజున ఈ బండిని ఇక్కడ నిలబెట్టాడు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకున్నాడు. పన్నెండేళ్ళు అయిపోయాయి. ఇప్పుడు ఉన్నట్టుండి చూడాల్సి వచ్చింది. దానికి కారణం నాన్న.

నాన్న బస్సు డ్రైవరు. ఆ రోజు పొద్దున డ్యూటీకి వెళ్తూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నేల వైపు చూస్తూ మాట్లాడాడు. చెప్పడం ఇష్టం లేని మాటలన్నీ నాన్న నేలకే చెప్తాడు.

"ఆదివారం సాయంత్రం పాత సామాన్లాయన వస్తున్నాడు నాన్నా. బండి ఇచ్చేద్దాం. పనిముట్ల పెట్టె కూడా."

"పెట్టె ఎందుకురా?"

"నీ చేతులు వణుకుతున్నాయి. మొన్న స్టవ్ కట్టెయ్యడం మర్చిపోయావు. అంతకుముందు నీళ్ళ మోటారు. రేపు నేనింట్లో లేనప్పుడు పెట్రోలు దగ్గర అలా మర్చిపోతే?"

తాతయ్య పట్టా అంచు సవరించాడు. తర్వాత అన్నాడు. "ఆదివారానికి దీన్ని నడిపిస్తే?"

నాన్న బండిని చూశాడు. పట్టా మీద పేరుకున్న దుమ్ముని చూశాడు.

"నడిస్తే నేనింక ఆ మాట ఎత్తను," అన్నాడు.

అందుకే తాతయ్య పట్టా లాగాడు. అందుకే బొంగరం సెలవుల్లో ఆటలు మానేసి వచ్చింది. తాతయ్య చేతులు నిజంగానే వణుకుతాయి. స్క్రూ మొహం మీద స్క్రూడ్రైవర్ నిలవదు. బొంగరం వేళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కించే వేళ్ళు. అమ్మ దగ్గర నేర్చుకుంది.

"చేతులు నీవి. బుర్ర నాది," అన్నాడు తాతయ్య. "కాళ్ళు కూడా నావే. కిక్ నేను కొడతాను. వణుకు ఇంకా కాళ్ళ దాకా దిగలేదు."

మొదట ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పించాడు. ఇంజను నెత్తి మీద వేలు పట్టేంత రంధ్రం మిగిలింది. అందులో రెండు చెంచాల ఆయిలు పోయించి, ఆ రోజుకి పని ఆపేశాడు.

"అంతేనా?" బొంగరం మొహం వేలాడేసింది.

"పన్నెండేళ్ళు కూర్చున్న మనిషిని లేపి పరిగెత్తమంటే మోకాళ్ళు పట్టేస్తాయి. ముందు నూనె రాయాలి. నానాలి."

మర్నాడు, గురువారం, టార్చిలైటు చేతికిచ్చాడు. "ఆ రంధ్రంలోకి చూడు."

బొంగరం ఒక కన్ను మూసి చూసింది. లోపల ఒక చిన్న గది ఉంది. గుండ్రటి గోడ. అంత పాత బండిలో ఆ గోడ మాత్రం గ్లాసు లోపలివైపులా మెరుస్తోంది. కింద నల్లటి నేల.

తాతయ్య బండిని గేరులో వేసి వెనక చక్రాన్ని మెల్లగా తిప్పాడు. కిర్రుమంది. ఆగింది. మళ్ళీ తిప్పాడు.

"తాతయ్యా, నేల లేస్తోంది."

"లేస్తుంది. చూస్తూ ఉండు."

నల్లటి నేల పైకి వచ్చింది. వచ్చి వచ్చి, కంటి దగ్గర దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చీకట్లోకి దిగిపోయింది. బొంగరానికి ఒళ్ళు జలదరించింది.

"ఆ గదిలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. కాస్త గాలి వస్తుంది. ఒక చుక్క పెట్రోలు వస్తుంది. ఒక నిప్పురవ్వ పడుతుంది. మంట పుట్టి ఆ నేలని కిందికి తంతుంది. చక్రం తిరుగుతుంది. అంతే కథ."

"ఎన్నిసార్లు?"

"మామూలుగా పోతుంటే నిమిషానికి వెయ్యిసార్లు. తొందర పెడితే ఇంకా ఎక్కువ."

బొంగరం నమ్మలేదు. ముందు గదిలోకి పరిగెత్తింది. గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఎంతవరకు లెక్కపెట్టగలదో లెక్కపెట్టింది. నాలుక తిరిగినంత వేగంగా లెక్కపెట్టింది. రెండు వందల పన్నెండు దగ్గర నిమిషం అయిపోయింది.

మళ్ళీ షెడ్డులోకి వచ్చినప్పుడు నడుస్తూ వచ్చింది. ఆ బండి దగ్గరికి ఇక పరిగెత్తబుద్ధి కాలేదు.

ఆ పూట ట్యాంకులోంచి పాత పెట్రోలు దించారు. టీ డికాషన్ రంగులో ఉంది. బూట్‌పాలిష్ వాసన వేసింది. తర్వాత కార్బ్యురేటర్ విప్పారు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి పంపే డబ్బా అది. చిన్న పిడికిలంత ఉంటుంది. అందులోంచి బయటికొచ్చినవి చూస్తే బొంగరానికి మతి పోయింది. స్ప్రింగులు, పెట్రోలు మీద తేలే బుడ్డి, ఇత్తడి ముక్కలు. ఒక ఇత్తడి ముక్క మధ్యలో వెంట్రుక పట్టేంత రంధ్రం. వెలుతురుకి పెట్టి చూస్తే కిటికీ మొత్తం ఆ చుక్కలో ఇమిడింది.

తాతయ్యకి ఒక పద్ధతి ఉంది. తీసిన ప్రతి ముక్కా పాత దుప్పటి మీద తీసిన వరసలోనే పెట్టాలి. ఎడమ నుంచి కుడికి. ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. అన్నీ పెట్టాక ఆయన స్టూలు లాక్కుని దుప్పటి ముందు కూర్చుంటాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏమీ ముట్టుకోకుండా, పావుగంట చూస్తాడు.

"ఏం చూస్తున్నావు?"

"ఇవి చెప్పేది వింటున్నా."

"మురికి తప్ప ఏం లేదుగా."

"ఆ మురికే చెప్తుంది," అన్నాడు. తర్వాత ఒక ముక్క వైపు వేలు చూపించాడు. సన్నటి పొడుగాటి సూది. దాని తల దగ్గర ఐదు గాళ్ళు, చీమ నడుం అంత సన్నవి. ఒక గాడిలో చిన్న క్లిప్పు పట్టుకుని ఉంది. చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది. "అన్నీ రేపు నీచేత తోమిస్తాను. దీని జోలికి మాత్రం పోకు. పెట్రోలు ఎంత పోవాలో చెప్పేది ఇదే. నా షాపులో పెట్టింది. చెవితో విని పెట్టాను."

"ఎన్నో గాడిలో ఉంది?"

"నెంబరు ఎవరు చూశారే. బండి బాగా పాడిన చోట ఆపేశాను."

శుక్రవారం తాతయ్య కొత్త ట్యూబులూ ప్లగ్గూ కొనడానికి వెళ్ళాడు. అమ్మ కుట్టుకుంటోంది. షెడ్డులో బొంగరం ఒక్కతే ఉంది.

ఆయన వచ్చేసరికి అన్నీ మెరిసిపోవాలి అనుకుంది. ఒక గిన్నెలో కిరసనాయిలు పోసుకుంది. బ్రష్షు తెచ్చుకుంది. బుడ్డి తోమింది. ఇత్తడి ముక్కలు తోమింది. అవి బంగారంలా వచ్చాయి. చూసుకుంటే ముచ్చటేసింది. వరస తప్పకుండా ఎక్కడివి అక్కడే పెట్టింది.

సూది ఒక్కటే నల్లగా మిగిలింది. మెరిసే వాటి మధ్య అది మరీ అసహ్యంగా ఉంది.

క్లిప్పు జోలికి వెళ్ళను, సూది తుడుస్తానంతే అనుకుంది. రెండు వేళ్ళతో పట్టుకుని గుడ్డతో రుద్దింది.

టిక్‌మంది.

క్లిప్పు లేదు.

బొంగరం గబుక్కున నేల మీదికి వంగింది. చేతులు నేలకి ఆనించి వెతికింది. చక్రం కింద వెతికింది. డబ్బాల వెనక వెతికింది. చివరికి గోడవార దొరికింది. దాన్ని సూది తలకి తొడిగింది. అన్నిటికన్నా పైన ఉన్న గాడిలో టక్కున కూర్చుంది.

ఇంతకుముందు ఇక్కడే ఉందా? ఏమో. గుర్తు రాలేదు. ఆవగింజంత తేడా. కూర్చుంది కదా, చాలు అనుకుంది.

తాతయ్య వచ్చి దుప్పటి చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"అబ్బో. నా షాపులో ముగ్గురు కుర్రాళ్ళుండేవారు. ఒక్కడు కూడా ఇలా తోమలేదు," అన్నాడు. తర్వాత అడిగాడు. "సూది ముట్టుకున్నావా?"

"తుడిచానంతే," అంది బొంగరం.

అది అబద్ధం కాదు. కానీ చెప్పి దుప్పటి వైపు తిరిగిపోయింది.

శనివారం పొద్దున అన్నీ బిగించారు. కొత్త ఆయిలు, కొత్త పెట్రోలు. టైర్లకి గాలి. తాతయ్య షెడ్డు తలుపులూ కిటికీ రెక్కలూ మూయించి, ప్లగ్గుని ఇంజను మీద ఆనించి, "ఇటు చూడు" అని కిక్ కొట్టాడు. చీకట్లో ప్లగ్గు కొన మీద నీలం రవ్వ తళుక్కుమంది. ఆకాశంలో మెరిసేదే, బియ్యపుగింజంత చేసి ఇక్కడ పెట్టారు. బొంగరం నోరు తెరుచుకుని ఉండిపోయింది. పన్నెండేళ్ళు ఆ రవ్వ ఎక్కడ దాక్కుందో అర్థం కాలేదు.

తర్వాత ప్లగ్గు బిగించి, తలుపులు బార్లా తెరిచి, తాతయ్య బండి ఎక్కాడు.

ఒక కిక్. ఏమీ లేదు. రెండు. మూడు. ఏడో కిక్కుకి లోపల ఎవరో దగ్గినట్టయింది. తొమ్మిదో కిక్కుకి అది పలికింది.

డుగ్. డుగ్. డుగ్ డుగ్ డుగ్.

కిటికీ ఊచలు వణికాయి. గోడకి తగిలించిన స్పానర్లు గలగలమన్నాయి. బొంగరం కాళ్ళ కింద నేల మెత్తగా అదిరింది. అమ్మ కుట్టుమిషన్ మీద నుంచి లేచి, చేతిలో కత్తెరతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అమ్మ ఆ రోజు ఎందుకు చెప్పలేకపోయిందో బొంగరానికి తెలిసింది. అది చెవులకి వినబడే చప్పుడు కాదు. పక్కటెముకల్లో వినబడుతుంది.

తాతయ్య నవ్వుతూ మెల్లగా రేస్ ఇచ్చాడు.

బండి ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది.

మళ్ళీ కిక్ కొట్టాడు. స్టార్టయింది. రేస్ ఇస్తే చచ్చింది. పదిసార్లు చూశాడు. పదిసార్లూ అంతే. ఉన్నచోట డుగ్‌డుగ్‌మంటుంది. కదలమంటే మాత్రం ఊపిరి ఆపేస్తుంది.

ప్లగ్గు విప్పించి చూశాడు. కొన సున్నంలా తెల్లగా ఉంది. "పెట్రోలు అందట్లేదు," అన్నాడు. ఇత్తడి రంధ్రాలు మళ్ళీ ఊదించాడు. పైపు చూశాడు. ట్యాంకు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

బొంగరం సూది గురించి ఆలోచించింది. నోటి దాకా వచ్చింది. ఇంత పెద్ద బండి అంత చిన్న క్లిప్పుకి ఆగుతుందా, అది అయ్యుండదులే అనుకుని మింగేసింది.

మధ్యాహ్నం దాటింది. తాతయ్య స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఈసారి ఆయన బండి వైపు చూడటం లేదు. చేతుల వైపు చూసుకుంటున్నాడు.

"ఎక్కడో తప్పు చేశాను," అన్నాడు. "ఏదో మర్చిపోయాను. ఏం మర్చిపోయానో కూడా గుర్తు రావట్లేదు. ఒకప్పుడు ఇలాంటి బండి వీధి మలుపులో ఉండగానే రోగం చెప్పేవాణ్ణి."

"రేపు చూద్దాం తాతయ్యా."

"మీ నాన్న ఊరికే అనలేదే. వాడికి నాకన్నా ముందే తెలిసింది."

ఆ సాయంత్రం అమ్మ పెట్టింది బొంగరం తినలేదు. కడుపునొప్పి అంది. అది కూడా అబద్ధం కాదు.

ఆదివారం పొద్దున లేచి షెడ్డులోకి వెళ్ళేసరికి తాతయ్య అప్పటికే అక్కడున్నాడు. పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. స్పానర్లు ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచి, వరసగా పెట్టెలో సర్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఇచ్చేసేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి. తీసుకున్నవాడు ఎవడో ఏమనుకుంటాడు."

ఒక స్పానరు చేతిలో పట్టుకుని ఆగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఏ నెంబరు?" అన్నాడు.

స్పానరు మీద నెంబరు ఉంది. కళ్ళకి కనపడక కాదు. తన మీద తనకే నమ్మకం పోయి అడిగాడు. బొంగరానికి అది తెలిసిపోయింది.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తాతయ్యా, క్లిప్పు ఊడిపోయింది."

"ఏ క్లిప్పు?"

"సూది మీది క్లిప్పు. శుక్రవారం. తుడుస్తుంటే ఎగిరిపోయింది. వెతికి మళ్ళీ పెట్టాను. నువ్వు అడిగితే తుడిచానంతే అన్నాను."

తాతయ్య స్పానరు కింద పెట్టాడు. బొంగరం మొహంలోకి చూశాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ముందు ఏ గాడిలో ఉండేది?"

"చూడలేదు."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"అన్నిటికన్నా పైన."

తాతయ్య లేచి నిలబడ్డాడు. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ వచ్చాడు. ఆయన నడుం నిటారుగా అవడం బొంగరం చూసింది.

"పై గాడిలో పెడితే సూది కిందికి దిగుతుంది. దారి మూసుకుపోతుంది. రేస్ ఇస్తే గాలే పోతుంది గానీ పెట్రోలు పోదు. ప్లగ్గు తెల్లబడక ఏం చేస్తుంది," అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత పైకి అన్నాడు. "అయితే నేను ఏదీ మర్చిపోలేదన్నమాట."

"లేదు తాతయ్యా."

"ఒసే బొంగరం. నిన్నటి నుంచి నా బుర్ర మీద నాకే అనుమానం పుట్టించావు కదే."

ఆ మాట మెల్లగానే అన్నాడు. కానీ బొంగరానికి దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అది తల వంచుకుని నిలబడింది. తాతయ్య దాని చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టాడు.

"ఏడుస్తూ స్క్రూ విప్పితే జారుతుంది. మొహం కడుక్కుని రా. నాలుగు గాళ్ళు మిగిలాయి."

రెండో గాడిలో పెట్టారు. బండి కాసేపు ఓర్చుకుని ఆగిపోయింది. మూడో గాడిలో పెట్టారు. ఆగలేదు గానీ, రేస్ ఇచ్చినప్పుడల్లా పొలమారినట్టు తడబడింది. బొంగరం ప్రతిసారీ విప్పింది. ప్రతిసారీ క్లిప్పు తీసేటప్పుడు మీద గుడ్డ కప్పింది, ఎగరకుండా. గాడి మార్చే ముందు ఎన్నోదో పైకి లెక్కపెట్టి తాతయ్యకి వినిపించింది.

"పై నుంచి నాలుగోది, తాతయ్యా."

"కానివ్వు."

తాతయ్య కిక్ కొట్టాడు. డుగ్‌డుగ్‌మంది. రేస్ ఇచ్చాడు. ఆ చప్పుడు పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ, ఎక్కడా తెగకుండా, ఒకే దారంలా లాగినట్టు పైకి వెళ్ళింది. తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. తల ఒక పక్కకి వాల్చి విన్నాడు. బొంగరం ఊపిరి బిగబట్టింది. నిమిషానికి వెయ్యి మంటలు. ఆ చిన్న గదిలో. అన్నీ సమయానికి.

"ఇదే," అన్నాడు తాతయ్య. "నేను ఆపేసిన చోటు ఇదే."

బండి ఆపి ప్లగ్గు విప్పించాడు. కొన ఇప్పుడు తెల్లగా లేదు. వేయించిన వేరుశనగ పొట్టు రంగులో ఉంది. బొంగరం దాన్ని చాలాసేపు చూసింది. ఆ గదిలోకి మనిషి వెళ్ళలేడు. ఏం జరిగిందో వెళ్ళి చూడలేడు. ఈ రంగు బయటికొచ్చి చెప్తుంది. మురికి చెప్పడమంటే ఇది.

సాయంత్రం నాన్నా, పాత సామాన్లాయనా వ్యానులో వచ్చేసరికి బండి వీధిలో ఉంది. తాతయ్య వీధి చివరి దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాడు. ముందు ట్యాంకు మీద బొంగరం. గాలికి జుట్టంతా మొహం మీద ఉంది. ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూస్తున్నారు.

నాన్న వ్యాను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తాతయ్య ఇంజను ఆపకుండా బండిని ఆయన పక్కనే నిలబెట్టాడు. నాన్న ట్యాంకు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అదురుతుంటే తియ్యకుండా అలాగే ఉంచాడు.

"నేను దీని మీదే నేర్చుకున్నాను," అన్నాడు. పాత సామాన్లాయనకి చెప్తున్నట్టే అన్నాడు, కానీ ఎవరి వైపూ చూడలేదు. తర్వాత అడిగాడు. "మరి నిన్న ఎందుకు ఆగిపోయింది నాన్నా? నీ కోడలు ఫోన్లో చెప్పింది, రోజంతా సతాయించిందట కదా."

తాతయ్య హ్యాండిల్ వైపు చూశాడు. "ఏముందిరా. ముసలి బుర్ర. ఒక క్లిప్పు తప్పు గాడిలో పెట్టాను."

నాన్న మొహంలో వెలుగు కాస్త తగ్గింది. ఆయన మళ్ళీ నేల వైపు చూశాడు.

"నేననేది అదే నాన్నా," అన్నాడు మెల్లగా. "ఈసారి క్లిప్పు. రేపు ఇంకొకటి. బండి ఉండనీ, వద్దనను. పెట్టె మాత్రం..."

బొంగరం తాతయ్య వైపు చూసింది. ఆయన దాని వైపు చూడలేదు. చూస్తే అది చెప్పేస్తుందని చూడలేదు. పెట్టె షెడ్డు గుమ్మంలో ఉంది. పాత సామాన్లాయన దాని వైపు నడిచాడు. ఒక పిడి పట్టుకుని బరువు చూశాడు.

బొంగరం ట్యాంకు మీద నుంచి కిందికి దూకింది.

"తాతయ్య పెట్టలేదు," అంది. "నేను పెట్టాను."

అందరూ దాని వైపు తిరిగారు. ఎదురింటి వాళ్ళు కూడా. అయినా ఆపలేదు.

"ముట్టుకోవద్దని చెప్పాడు. ముట్టుకున్నాను. ఊడిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియక పై గాడిలో పెట్టేసి ఊరుకున్నాను. అడిగితే దాచాను. తాతయ్య ఏదీ మర్చిపోలేదు నాన్నా. నాలుగో గాడి అని పన్నెండేళ్ళ తర్వాత కూడా చెవితో కనిపెట్టాడు."

బండి డుగ్‌డుగ్‌మంటూనే ఉంది.

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?" అన్నాడు నాన్న తాతయ్యతో.

"దానికి పదేళ్ళు. నాకు డెబ్బై నాలుగు. ఎవరి వీపు వెడల్పు?"

గుమ్మంలోంచి అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. షెడ్డు దగ్గరికి వెళ్ళి పాత సామాన్లాయన చేతిలోంచి పెట్టె పిడి అందుకున్నాడు. రెండు చేతులతో ఎత్తి, ఒక పక్కకి ఒరుగుతూ లోపలికి మోసుకెళ్ళాడు. దాన్ని షెల్ఫు మీద పెట్టిన చప్పుడు బయటికి వినిపించింది. బయటికొచ్చాక చేతులు దులుపుకుంటూ, "పెట్రోలు ఉన్న రోజున తలుపులు తెరిచి పెట్టుకోండి. ఇద్దరూ," అన్నాడు. ఈసారి తాతయ్య మొహంలోకి చూసి అన్నాడు.

పాత సామాన్లాయన తల గోక్కున్నాడు. "నేను ఖాళీ వ్యానుతో వెళ్ళాలన్నమాట. పోనీ, ఇది చెప్పండి. మా వ్యాను వారం రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది. ఏమైవుంటుంది?"

అలవాటుగా తాతయ్య నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని బొంగరం వైపు చూశాడు.

పాత సామాన్లాయన నవ్వుతూ వ్యాను ఇంజను మూత ఎత్తాడు. లోపలంతా నూనె, దుమ్ము, వైర్లు. ఒక పైపు పొడుగునా సన్నటి తడి గీత. బొంగరం షెడ్డులోంచి తాతయ్య స్టూలు లాక్కొచ్చి దాని మీద ఎక్కి నిలబడింది. రెండు చేతులూ వీపు వెనక గట్టిగా కట్టుకుంది. ముందుకి వంగింది. ఆ చివర నుంచి ఈ చివరికి, ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టింది.

"ఏం పాపా, ఏం కనిపెట్టావు?"

"ఇంకా తెలియదండీ," అంది బొంగరం, తల తిప్పకుండానే. "కాస్త ఆగండి."